కందిరీగ లెక్క

ప్రూఫ్ రీడర్ చనిపోయాడని తెలిసేసరికి అతని టీ ఇంకా చల్లారలేదు.

నౌకాదళ చరిత్ర విభాగం, మూడో అంతస్తు, కిటికీ పక్క టేబుల్. ఉదయం తొమ్మిదిన్నర. మోచేతి కింద ప్రూఫు కాగితాలు, వేళ్ళ మధ్య ఎర్ర పెన్సిలు. డాక్టరు వచ్చాడు, కనురెప్ప ఎత్తి చూశాడు, "గుండెపోటు" అని రాసి వెళ్ళిపోయాడు. ప్రూఫ్ రీడర్‌కి గుండెపోటు వస్తే కారణం ఎవరూ అడగరు. సర్కారు వారి అచ్చుతప్పులు రోజూ చూస్తే ఎవరికైనా వస్తుంది. కానీ మార్జిన్‌లో ఎర్ర పెన్సిలుతో రాసిన ఒక ప్రశ్నను ఆ డాక్టరు చదవలేదు.

"మూడో కాపీ ఎవరికి?"

"టీలో విషం కలిపారు," అన్నాడు బాబాయ్.

బాబాయ్ ఎవరికీ బాబాయ్ కాదు. సీక్రెట్ సర్వీస్ చీఫ్. అందరూ అలాగే పిలుస్తారు. అసలు పేరు ఆయన భార్యకైనా తెలుసో లేదో అనుమానమే. గొడుగుల దుకాణం వెనక గది ఆయన హెడ్ ఆఫీసు. ఎదురుగా కూర్చున్న ఏజెంట్‌ని డిపార్ట్‌మెంట్‌లో గుమాస్తా అంటారు. పదిసార్లు చూసినా గుర్తుండని ముఖం అతనిది. ఆ ముఖానికి తోడు ఏ గొంతునైనా రెండు నిమిషాలు వింటే అచ్చు అలాగే మాట్లాడే మిమిక్రీ ఒకటుంది. ఇక మూడోది, ఎవరినీ నమ్మకపోవడం. సొంత నీడ కదిలినా ఎందుకు కదిలిందని ఆరా తీసే రకం.

"ప్రూఫులు ఎప్పుడూ రెండే కాపీలు తీస్తారు," అన్నాడు బాబాయ్. "కందిరీగ క్లాస్ చరిత్రలో ఆరో అధ్యాయానికి మూడు తీశారు. మూడోది మాయం. ప్రెస్ గది తాళం ముగ్గురి దగ్గరే ఉంది. సూపరింటెండెంట్. చరిత్ర రాస్తున్న గన్నర్ తాత. ఫొటోలు చూసుకునే అమ్మాయి, ముత్యం అంటారు. రేపు నువ్వు కొత్త ప్రూఫ్ రీడర్‌వి."

"ఆరో అధ్యాయంలో ఏముంది?"

బాబాయ్ లేచి తలుపు గడియ మరోసారి చూసుకుని వచ్చాడు.

"కందిరీగ క్లాస్ యుద్ధనౌకలు మొత్తం ఏడు కట్టారు. అంతరిక్షంలో అంత చిన్న వార్‌షిప్ అప్పటిదాకా లేదు. పెద్ద గన్ ముందు ఉండదు, తోకలో ఉంటుంది. పారిపోతున్నట్టు పారిపోయి, తరుముకొచ్చినవాణ్ణి వెనక్కి కుడుతుంది. శత్రువులు మొదటిసారి చూసి నవ్వారు. ఆ మధ్యాహ్నానికి వాళ్ళ క్రూయిజర్లు పదకొండు పోయాయి. అప్పట్నించి నవ్వలేదు."

"ఇది బళ్ళో పిల్లలకి కూడా తెలుసు."

"తెలియంది విను. నాలుగో కందిరీగ ఉల్క తగిలి పోయిందని రాశాం కదా. ఉల్క లేదు, పాడూ లేదు. రేవులో ఓడని పట్టి ఉంచే క్లాంపులు విడిచేటప్పుడు పవర్ అంతా ఇంజిన్‌కి మళ్ళుతుంది. పద్నాలుగు సెకన్లు షీల్డ్ ఉండదు. ఆ పద్నాలుగు సెకన్లలో శత్రువు కొట్టాడు. ఆ లోపం సరిచెయ్యాలంటే కొత్త ఇంజిన్లు కావాలి. ఈలోగా శాంతి ఒప్పందం వచ్చింది, ఫైలు మూతపడింది. ఇప్పుడు మిగిలింది ఏడోది ఒక్కటే. ఎల్లుండి పది గంటలకి ఆఖరి ప్రయాణం."

కందిరీగ-7 కెప్టెన్ గుమాస్తా అక్క. అమ్మ పోయాక జుట్టు దువ్వి, లెక్కలు చెప్పి, వీపు మీద నాలుగు తగిలించి పెంచిన అక్క. ఆమెతో పాటు ఆ ఓడలో మూడు వందల పన్నెండు మంది.

"ప్రయాణం ఆపించండి."

"అడ్మిరల్‌ని అడిగాను. గుండెపోటుతో చచ్చిన ప్రూఫ్ రీడర్ కోసం యుద్ధనౌక ఆపాలా అని నవ్వాడు. ఓడ పేలితే మళ్ళీ యుద్ధం. ఇక్కడ పాతుకున్న శత్రువుల గూఢచారి రింగుకి కావలసిందీ అదే. అబ్బాయ్, మీ అక్క ఓడ అని నిన్ను పంపడంలేదు. పంపకపోయినా చెప్పకుండా వెళ్తావని పంపుతున్నా." బాబాయ్ డ్రాయర్‌లోంచి కళ్ళజోడు తీశాడు. అంచుల్లో చిన్న అద్దాలు, పెట్టుకుంటే వీపు వెనక జరిగేదంతా కనిపిస్తుంది. "లోపల మనవాళ్ళు ఎవరూ లేరు. ఎవర్నీ నమ్మకు."

ఆ చివరి సలహా గుమాస్తాకి ఇవ్వడం దండగ.

ఆ సాయంత్రం అక్కకి ఫోన్ చేశాడు.

"కొత్త ఉద్యోగమటగా?" అంది అక్క. "ఎన్నోదిరా ఇది? మొన్న గోడౌన్‌లో, అంతకుముందు బీమా ఆఫీసులో. ఎక్కడా ఆరు నెలలు కుదురుగా ఉండవు కదా!"

"ఇది బాగుందక్కా. ప్రూఫులు దిద్దడం."

"నువ్వా? చిన్నప్పుడు నీ నోట్‌బుక్ దిద్దలేక నా వేళ్ళు అరిగిపోయాయి. ఉండు, సాక్సులు సర్దుకుంటున్నా. ఒకటి... రెండు... మూడు..."

లైనులో 'టక్' మని చప్పుడైంది.

గుమాస్తా వెన్ను నిటారుగా అయింది. ఫోన్ ట్యాప్ చేశారు! "అక్కా, ఈ ప్రయాణం వాయిదా వేసుకోకూడదూ?" అని అడుగుదామని గొంతుదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. "తర్వాత చేస్తా," అని పెట్టేశాడు. తర్వాత ఆ మాట అడగలేదే అని ఆ రాత్రంతా మనసు పీకుతూనే ఉంది.

చరిత్ర విభాగం రేవు టవర్‌లోనే ఉంది. కింద మూడో అంతస్తులో దుమ్ము, బీరువాలు, తడిసిన సిరా వాసన. పైన ఎనభయ్యో అంతస్తులో రేవు. అక్కడ క్లాంపులకి బిగిసి కందిరీగ-7 ఆకాశంలో వేలాడుతోంది.

సూపరింటెండెంట్ లావుపాటి మనిషి, మెత్తటి గొంతు. మూడంతస్తులూ మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"లిఫ్ట్ పడదయ్యా నాకు. ఎత్తంటే కళ్ళు తిరుగుతాయి. పడవ ఎక్కినా వాంతే. యుద్ధమంతా కాగితాల మీదే చేశాను. ఇదిగో, ఆరో అధ్యాయం. జాగ్రత్త."

కాగితాలు ఒక్కొక్కటే టేబుల్ మీద పెడుతూ లెక్కపెట్టాడు. "ఒకటి. రెండు. మూడు." తర్వాతి కాగితం పెట్టి బొటనవేలితో టేబుల్ మీద ఒక్కసారి తట్టాడు. "ఐదు. ఆరు."

గుమాస్తా కళ్ళు చిట్లించాడు. నాలుగో కాగితం నొక్కేశాడా? సూపరింటెండెంట్ అటు తిరగ్గానే గబగబా లెక్క చూశాడు. ఆరూ ఉన్నాయి. నాలుగోదీ ఉంది. వెలుతురుకి ఎత్తిపట్టి చూశాడు, వాసన చూశాడు, పెన్ కెమెరాతో ఫొటో తీశాడు. కాగితం మామూలు కాగితమే. అయినా అనుమానం దిగలేదు. అనుమానాల రిజిస్టరు ఏదైనా ఉంటే మొదటి పేజీ ఆ కాగితానికే ఇచ్చేవాడు.

"ఈ కిటికీ తెరిస్తే చలేస్తుందా?"

వెనకనుంచి ఆడగొంతు. గుమాస్తా చెయ్యి పెన్ను మీద బిగిసింది. అది డిపార్ట్‌మెంట్ కోడ్‌వర్డ్. కళ్ళజోడు అద్దంలో ముత్యం కనిపించింది. చెవులకి ముత్యాలు, మెడ చుట్టూ సిల్కు స్కార్ఫు, భుజానికి పెద్ద కెమెరా. ఆ దుమ్ముగదిలో ఆమె ఒక్కతే ఉతికి ఆరేసినట్టు తళతళలాడుతోంది.

"చలి కాదు, దుమ్ము," అన్నాడు నెమ్మదిగా.

"హమ్మయ్య," అంది ముత్యం. "నేను కూడా మీ వైపే. రింగువాళ్ళు మాత్రం నేను వాళ్ళ మనిషిననుకుంటున్నారు. ఇక్కడున్న పెద్ద తలకాయ ఎవరో నాకూ తెలీదు. ఆర్డర్లు నెగటివ్‌ల కవరులో చీటీలుగా వస్తాయి. కింది చేతులకి పై చెయ్యి కనబడదు."

"బాబాయ్ నాకు చెప్పలేదే."

"నాకు మాత్రం మీ గురించి చెప్పారు."

నవ్విందామె. ఆ నవ్వు చూస్తే ఎవడైనా నమ్మేస్తాడు, అందుకే గుమాస్తా నమ్మలేదు. బాబాయ్ అబద్ధం చెప్పాడా? లేక కోడ్‌వర్డ్ బయటికి పొక్కిందా? రెండూ కొంప ముంచేవే. ఆరోజు ఆమె తెచ్చిచ్చిన టీ కుండీలోని మొక్కకి పోశాడు. సాయంత్రం చూస్తే మొక్క నిక్షేపంగా ఉంది. నిదానంగా పనిచేసే విషమేమో అనుకున్నాడు.

మూడో మనిషి గన్నర్ తాత. కందిరీగ-2లో తోక గన్ దగ్గర పందొమ్మిదేళ్ళు పనిచేసి, వినికిడి సగం పోగొట్టుకుని, ఇప్పుడు చరిత్ర రాస్తున్నాడు. మూడో కాపీ గురించి గుమాస్తా ఎన్ని విధాల కూపీ లాగినా వినిపించనట్టే ఊరుకున్నాడు. వినపడకా, వినపడనట్టు నటించా? మొత్తానికి ముగ్గురూ దొంగల్లాగే ఉన్నారు. ఇలాంటి కేసు గుమాస్తాకి ఎప్పుడూ తగల్లేదు.

ప్రయాణం రోజు వచ్చేసింది. తొమ్మిదీ నలభై. గుమాస్తా చేతిలో ఒక్క ఆధారమూ లేదు. మూడో అంతస్తు ఖాళీ. అందరూ వీడ్కోలు చూడడానికి పైకి పోయారు. తాత ఒక్కడే మూల టేబుల్ దగ్గర ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు.

"మీరు వెళ్ళలేదే తాతగారూ? మైకులో ఓడ చరిత్ర చదివి, కౌంట్‌డౌన్ చెప్పేది మీరే కదా?"

"నేనే చదవాలి బాబూ. పొద్దున్నే సూపరింటెండెంట్ వచ్చి, నీ గొంతు వణుకుతుంది తాతా, నేను చదువుతాలే అన్నాడు. రాసింది నేను, పోరాడింది నేను. గొంతు వణికితే తప్పేంటి? వణక్కపోతేనే తప్పు." తాత కళ్ళు తుడుచుకుని, మందుల డబ్బా తెరిచి మాత్రలు లెక్కపెట్టుకున్నాడు. "ఒకటి. రెండు. మూడు." ఇంకో మాత్ర తీసి వేలితో డబ్బా మీద ఒక్కసారి తట్టాడు. 'టక్.' "ఐదు."

గుమాస్తా ఉన్నచోటే నిలబడిపోయాడు.

"తాతగారూ, ఆ మధ్యలోది ఎందుకు పలకలేదు?"

తాత తడబడ్డాడు. "అలవాటు బాబూ. బయటివాళ్ళ ముందు చెయ్యం, పొరపాటున..."

"దయచేసి చెప్పండి. మా అక్క ఆ ఓడ కెప్టెన్."

తాత అతని ముఖం పరకాయించి చూశాడు. "కెప్టెనమ్మ తమ్ముడివా? ముక్కు ఆవిడదే. అయితే విను. నాలుగో ఓడ పోయిన రోజునించి కందిరీగ మనుషులం ఎవరమూ ఆ అంకె పలకం. ఆ చోట వేలితో ఒకసారి తడతాం. పోయినవాళ్ళకి అదే మా దండం. పుస్తకంలో రాయలేదు, రాయను కూడా. మా వాళ్ళకి తప్ప ఎవరికీ తెలీదు. రెండో సంగతి ఇంకా పెద్దది. ఓడ కౌంట్‌డౌన్‌లో ఎవరైనా ఆ అంకె పలికారా, వాడు మనవాడు కాదన్నమాట. షీల్డ్ దించరు, క్లాంపు విడవరు. ముందు ఓడ కాపాడుకుని, కారణం తర్వాత అడుగుతారు."

సాక్సులు. లైనులో 'టక్.' అది ట్యాపింగ్ కాదు, అక్క వేలు. తర్వాత ఆ ఆరు కాగితాలు. బొటనవేలు.

"పడవెక్కితే వాంతి అన్నాడు," అన్నాడు గుమాస్తా తనలో తాను. "లిఫ్ట్ అంటే భయమన్నాడు. ఎనభయ్యో అంతస్తుకి ఎలా వెళ్ళాడు?"

జవాబు చెప్పుకునేలోపు పరుగెత్తాడు.

లిఫ్ట్ జనంతో కిటకిటలాడుతూ ప్రతి అంతస్తులోనూ ఆగింది. ఎనభయ్యో అంతస్తు చేరేసరికి తొమ్మిదీ యాభై తొమ్మిది. అనౌన్స్‌మెంట్ బూత్ తలుపుకి అడ్డంగా ముత్యం నిలబడింది. కెమెరా గుమాస్తా గుండెలకి గురిపెట్టి ఉంది. లెన్సు ఉండాల్సిన చోట తుపాకీ గొట్టం.

"ఎవర్నీ లోపలికి పంపొద్దని పొద్దున చీటీ వచ్చింది," అంది గుసగుసగా. "లోపలున్నది ఆ పెద్ద తలకాయేనా?"

"అవును. కందిరీగ మనిషి. వాడి కౌంట్‌డౌన్ వినే బయట ఎవడో షీల్డ్ దిగే క్షణానికి గురిచూసుకున్నాడు."

"మీరే రింగు మనిషి కాదని నమ్మకమేంటి?"

"ఏమీ లేదు," అన్నాడు గుమాస్తా. "నాకూ మీమీద లేదు."

ముత్యం ఒక్క క్షణం చూసి తలుపు తీసింది.

లోపల సూపరింటెండెంట్ మైకు ముందు హాయిగా కూర్చుని ఉన్నాడు. ఎత్తు భయం జాడలేదు. అద్దాల బయట కందిరీగ-7, దాని తోక వెనక కాస్త దూరంగా తుప్పుపట్టిన సరుకుల టగ్గు పడవ ఒకటి. టగ్గు పైమూత తెరుచుకుని ఉంది.

"పది... తొమ్మిది..."

సూపరింటెండెంట్ గుమాస్తాని చూశాడు. లెక్క ఆపకుండానే ఒళ్ళో ఉన్న పిస్టల్ ఎత్తాడు. కానీ కాల్చలేదు. మైకు ఆన్‌లో ఉంది, గుండు పేలితే ఓడంతా వినిపిస్తుంది. కనుసైగతో ముత్యానికి ఆర్డరిచ్చాడు: కానియ్యి, చప్పుడు లేకుండా.

"ఎనిమిది... ఏడు..."

ముత్యం మెడలోంచి స్కార్ఫు తీసి రెండు చేతులకీ చుట్టుకుంది. గుమాస్తా వైపే వచ్చింది. అనుకున్నంతా అయింది!

కేక వేస్తే? టగ్గులో ఉన్నవాడూ ఇదే ఛానెల్ వింటున్నాడు. అప్పుడు జారుకుని, ఇంకో రేవులో, ఇంకో రోజు కొడతాడు. కేక విని ఓడ ఆగుతుందన్న పూచీ కూడా లేదు. వీడ్కోలు గోలలో ఎన్ని కేకలు!

"ఆరు... ఐదు..."

ముత్యం గిర్రున తిరిగింది. స్కార్ఫు సూపరింటెండెంట్ నోట్లో కుక్కి వెనక్కి లాగింది. పిస్టల్ మెత్తటి తివాచీ మీద పడింది. కుర్చీ కిరకిరమనకుండా గుమాస్తా కాలితో ఆపాడు. ముగ్గురూ ఊపిరి బిగబట్టి, మూగవాళ్ళలా పెనుగులాడారు. ఆ అంకె పలకకుండా వదిలే చోటు వచ్చింది. ఒక్క సెకను నిశ్శబ్దం.

తాత చెప్పింది నిజమేనా? సరిచూసే టైము లేదు. జీవితంలో మొదటిసారి గుమాస్తా ఒక మనిషి మాట ఊరికే నమ్మాడు.

మైకు మీదికి వంగి, సూపరింటెండెంట్ మెత్తటి గొంతుతో అన్నాడు.

"నాలుగు."

తర్వాత అదే గొంతుతో, "మూడు... రెండు... ఒకటి... సున్నా."

క్లాంపులు విడలేదు.

టగ్గు లోపలినుంచి తెల్లటి మంట దూసుకొచ్చింది. కందిరీగ-7 చుట్టూ ఊదారంగు షీల్డ్ భగ్గుమంది. అద్దాలు గలగలమన్నాయి. మంట షీల్డ్ మీద పాకి, పలచబడి ఆరిపోయింది. ఓడ మీద గీతైనా పడలేదు. గుమాస్తాకి ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

ఆపైన కందిరీగ తోక ఒక్కసారి మెరిసింది. టగ్గు ఇంజిన్ ఊడి ఒక పక్కకి పోయింది, టగ్గు ఇంకో పక్కకి. గస్తీ పడవలు చుట్టుముట్టి లోపలివాళ్ళని చెవులు పట్టుకుని బయటికి లాగాయి.

స్కార్ఫు తీయగానే సూపరింటెండెంట్ ఆయాసపడుతూ మాట్లాడాడు. ఈసారి ఆయాసం నిజమే.

"కందిరీగ-5లో రెండో ఇంజినీర్‌ని నేను. శత్రువులు బందీగా పట్టుకుపోయారు. మనవాళ్ళు నన్ను చచ్చినవాళ్ళ జాబితాలో రాసి చేతులు దులుపుకున్నారు. మూడేళ్ళు ఎదురుచూశా. ఒక్కడు రాలేదు. ఆ శత్రువులే కొత్త ముఖం ఇచ్చారు, కొత్త పేరిచ్చారు. నాకేం బాకీ లేదనుకున్నా."

"ముఖం మార్చారు," అన్నాడు గుమాస్తా. "బొటనవేలు మర్చిపోయారు."

సూపరింటెండెంట్ తన వేలివైపు చూసుకున్నాడు. ఇన్నేళ్ళలో ఎవరి కోసం తడుతున్నాడో అప్పుడే గుర్తొచ్చినట్టుంది. గార్డులు తీసుకుపోతుంటే తల ఎత్తలేదు.

సాయంత్రం గొడుగుల దుకాణం వెనక గదిలో గుమాస్తా నిప్పులు చెరిగాడు.

"లోపల మనవాళ్ళు లేరన్నారు!"

"ఉన్నారంటే నువ్వు నమ్మేవాడివా?" అన్నాడు బాబాయ్. "ఎలాగూ నమ్మవు. ఇక చెప్పడం దేనికి?"

ముత్యం అప్పటికే జాడలేదు. సూపరింటెండెంట్ దగ్గర దొరికిన మూడో కాపీ మాత్రం కవరులో వచ్చింది. పైన ఆమె చేతిరాత: "మీరు దిద్దిన కాపీ రెండో పేజీలో మూడు అచ్చుతప్పులు వదిలేశారు. టీ పాపం మొక్కకి నచ్చిందా?"

వారం తర్వాత అక్క ఫోన్ చేసింది.

"ఆరోజు బూత్‌లో ఎవడో గానీ, పలకకూడని అంకె పలికాడురా. నా చెయ్యి దానంతటదే షీల్డ్ లివర్ మీదికి పోయింది. వాడెవడో చెప్పమంటే చెప్పరు. సీక్రెట్ అట. వాడు కనబడితే నా చేత్తో అన్నం వడ్డించి పెట్టాలని ఉంది." ముక్కు చీదింది. వెంటనే సర్దుకుంది. "సరేగానీ, నీ ప్రూఫుల ఉద్యోగం ఎలా ఉంది?"

"పోయిందక్కా."

"అప్పుడేనా! నీకు సిగ్గులేదురా? ఈసారి ఎందుకు తీసేశారు?"

"లెక్క తప్పానట."

అవతల రిసీవర్ మీద వేలితో ఒక్కసారి తట్టిన చప్పుడు వినిపించింది.

'టక్.'

ఈసారి గుమాస్తాకి లైను మీద అనుమానం రాలేదు.